ఎర్రమట్టి గండ్లలో థార్‌తో రాత్రి మకాం: ఎవరైనా వెళ్ళారా?

విజయనగరం కుర్రోడు:

అందరికీ నమస్కారం. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో 2016 మోడల్ మహీంద్రా థార్ జీపు (సీఆర్‌డీఈ, అంటే డీజిల్ ఇంజను) కొన్నాను. ఫోర్ వీల్ డ్రైవ్. ఇప్పటిదాకా ఆర్టీసీ కాంప్లెక్స్‌కీ కోట జంక్షన్‌కీ మధ్య తిప్పడమే సరిపోయింది. ఫోర్ వీల్ వేసే ఆ రెండో లివరు ఎందుకుందో దానికే మర్చిపోయే పరిస్థితి. ఇంత డబ్బు పోసి ట్రాఫిక్‌లో నిలబడ్డానికా అని ఇంట్లో రోజూ పాట.

సంక్రాంతికి సెలవులున్నాయి. కనుమ అయ్యాక ముగ్గురు స్నేహితులం కలిసి ఒక రాత్రి బయట గడుపుదామని ప్లాన్. మొదట భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు అనుకున్నాం. మావాడొకడు ‘లోపలికి వెనక నుంచి దారుంది, తెల్లవారుజామున దింపేస్తే ఎవరూ చూడరు’ అంటున్నాడు. నాకు నమ్మకం లేదు.

రెండో ఆలోచన, గజపతినగరం అవతల మా చిన్నాన్నగారి ఊరు. జీడితోట దాటాక కొండవాలు మొదలవుతుంది. అక్కడ ఎర్రనేల వానలకు కోసుకుపోయి పెద్ద పెద్ద గండ్లు పడ్డాయి. కొన్నిచోట్ల మనిషి దిగితే తల కూడా కనపడదు. ఊళ్ళోవాళ్ళు అటు మేకల్ని కూడా తోలరు. గండ్ల మధ్య బల్లపరుపుగా ఒక దిబ్బ, దాని మీద తాటిచెట్లు. అక్కడ టెంట్ వేయాలని నా కోరిక. పాత ఎడ్లబండి బాట ఒకటి దాదాపు దిబ్బ దాకా పోతుంది, చివర్లో ఒక గండి దాటాలి. పోయినవారం నడిచి వెళ్ళి తీసిన ఫొటోలు పెడుతున్నాను. మా చిన్నాన్న ‘నీ బండి, నీ ఇష్టం’ అన్నాడు. ఆయన అలా అన్నాడంటే ఇష్టం లేదనే అర్థం.

టైర్లు కంపెనీవే. వించ్ (ఇరుక్కుంటే బండిని తాడుతో లాక్కునే మోటారు) లేదు. ఇలాంటి నేల మీద బండి తోలినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ గండి దాటుతుందా? దిబ్బ మీద పడుకోవచ్చా?

భీమిలి బీచ్‌రోడ్డు:

ఎర్రమట్టి దిబ్బల మాట ఇక్కడితో వదిలేయండి. అది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన భూవారసత్వ ప్రదేశం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. సముద్రతీరాన ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు మనకి కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయని చెబుతారు. ఇసుక రేణువుల చుట్టూ ఇనుప ఆక్సైడు పూత పట్టి ఆ రంగు వచ్చింది. వేల ఏళ్ళలో వాన ఒక్కటే చెక్కిన ఆ చీలికల్లో మీ టైరు గాడి పడితే వచ్చే వానాకాలం నీళ్ళన్నీ ఆ గాడిలోంచే పోతాయి. లోపలికి బండి దింపడానికి వీల్లేదు. మీ స్నేహితుడు చెప్పిన ‘వెనక దారి’ సంగతి మాకూ తెలుసు, అక్కడ ఉండేవాళ్ళకీ తెలుసు. ఫొటోలు తీసి పంపిస్తున్నాం కూడా.

నడిచి చూడండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ పక్కవాటంగా పడుతుంది, అప్పుడు బాగుంటుంది. చిన్నాన్నగారి ఊరి గురించి నాకు తెలీదు.

సాలూరు కమాండర్:

బావూ, నీ ఫొటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. ముందు నేనెవరో చెప్తాను. సాలూరు నుంచి పాచిపెంట పైకి, ఏజెన్సీ ఊళ్ళకి ఒకప్పుడు కమాండర్ జీపు తోలినవాణ్ణి. సంతరోజున ఆ జీపు మీద ఎంతమంది ఎక్కేవారో ఇక్కడ రాస్తే ఆర్టీవో వాళ్ళు ఇప్పుడైనా నోటీసు ఇస్తారు. ఇప్పుడు మా ఊళ్ళోనే లారీల పని, కమాన్ కట్టలు, గేరుబాక్సులు. అందుకని నీ బండి గురించి నాకు టెన్షన్ లేదు. ఆ మోడల్ మొండి బండి. నీ నేల గురించే టెన్షన్.

నీ మూడో ఫొటో చూడు. బాట పక్కన, ఎడమవైపు, మూరెడు వెడల్పు కన్నం ఉంది. ఎలక బొరియ అనుకుని ఉంటావు. దాని నోటి దగ్గర ఎండుటాకులూ పుల్లలూ అన్నీ ఒకే వైపు, లోపలికి వాలి ఉన్నాయి. అంటే వాననీళ్ళు అందులోకి దిగుతున్నాయన్నమాట. దిగిన నీళ్ళు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా. ఇప్పుడు రెండో ఫొటోకి పో. గండి గోడకి తాటివేళ్ళు వేలాడుతున్నాయి, వాటికి కొంచెం కింద ఇంకో కన్నం. దాని కింద సన్నటి ఎర్రమట్టి కుప్పపడి ఉంది, మిగతా గోడ కంటే రంగు లేతగా. అది ఈ ఏడు వానకి లోపల్నుంచి కొట్టుకొచ్చిన మట్టి. ఆ కన్నానికీ ఈ కన్నానికీ మధ్య ఉన్నది నీ ఎడ్లబండి బాట. దాని అడుగున సొరంగం ఉందని నా లెక్క.

ఇలాంటి నేలలో గండ్లు పైనుంచి మాత్రమే కోసుకుపోవు. ఎండకి నేల బీటలు వేస్తుంది, బీటలోకి నీరు దిగి లోపలి మెత్తటి మట్టిని తోడేస్తుంది. పైన పొర అలాగే నిలబడి ఉంటుంది, పొంగిన పూరీ అనుకో. మేక నడిస్తే ఆగుతుంది, మనిషి నడిచినా ఆగుతుంది. నీ థార్ ఖాళీగానే టన్నుముప్పావు. మీ ముగ్గురూ, నీళ్ళ క్యాన్లూ, సామానూ ఎక్కితే రెండు టన్నులు దాటుతుంది. ఆ బరువు నాలుగు టైర్ల మీద, టైరు కింద జానెడు చోటులో పడుతుంది. అటు మేకల్ని తోలడం లేదన్నావు, ఎందుకో చిన్నాన్నగారిని అడిగావా? కాళ్ళు విరగ్గొట్టుకున్న మేక ఒకటైనా ఉంటుంది.

అందుకని మొదటి పని, బండి ఊళ్ళోనే ఉంచి గునపం పట్టుకుని బాట పొడుగునా నడువు. గునపం మొద్దు వైపు రెండడుగులకోసారి నేల మీద గట్టిగా దింపు. నిండు నేల అయితే దెబ్బ నీ చేతికి తిరిగి కొడుతుంది, చప్పుడు పొట్టిగా ఉంటుంది. బోలుగా ఉన్నచోట ‘డుబ్’ మంటుంది, చేతికి ఏమీ రాదు. అలాంటి చోట సున్నం చల్లుకుంటూ పో. సున్నం ఎక్కువైపోయిందనిపిస్తే బండి దింపకు. బాట మధ్యలో గడ్డి ఒక్కసారిగా పచ్చగా, దుబ్బుగా ఉంటే అక్కడ కూడా చూసుకో. అడుగున తడి నిలవ ఉందేమో.

ఇక చివరి గండి. ఫొటోలో లోతు తెలియడం లేదు, పక్కన నీ చెప్పు పెట్టి తీసినా బాగుండేది. లోతూ వెడల్పూ టేపుతో కొలువు. నీ బండికి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 2430 మిల్లీమీటర్లు, పొట్ట కింద 200. గండి సన్నగా, నిలువుగా ఉంటే ముందు చక్రాలు దిగుతాయి, ముక్కు అవతలి గట్టుకి గుద్దుకుంటుంది. అవతలి గట్టు పదునుగా ఉంటే పొట్ట ఆనుకుని నాలుగు చక్రాలూ ఊరికే తిరుగుతాయి. పారతో గట్లు చెక్కి దారి చేసుకోవచ్చు అనుకుంటావు. చెయ్యకు. భీమిలాయన చెప్పింది నీ చిన్నాన్న పొలానికి కూడా వర్తిస్తుంది. నువ్వు చెక్కిన చోటనే వచ్చే జూన్‌లో నీరు దారి చేసుకుంటుంది, మూడేళ్ళలో గండి జీడితోటలోకి వస్తుంది. ఎడ్లబండ్లు మానేసిన బాటలన్నీ మావైపు ఇప్పుడు గెడ్డలే (వాగులే).

నన్నడిగితే గండి ఇవతలే బండి ఆపి, సామాను భుజాన వేసుకుని దిబ్బ మీదకి నడిచి పొండి. కుర్రాళ్ళు కదా. కాకపోతే రీల్ బాగా రాదు, అంతే.

దిబ్బ మీద టెంట్ ఎక్కడ వెయ్యాలన్నదానికి నా లెక్క ఒకటే. గండి ఎంత లోతుంటే అంచు నుంచి కనీసం అంత దూరం, వీలైతే దానికి రెండింతలు. అంచు బయటికి కనపడుతుంది కానీ దాని అడుగు లోపలికి తినేసి ఉంటుంది. తాటిచెట్టు వేర్లు పట్టుకుని ఉన్నాయి కదా అని చెట్టు మొదట్లో వెయ్యకు. ఎండు మట్టలూ కాయలూ నెత్తి మీద పడతాయి.

విజయనగరం కుర్రోడు:

కమాండర్ గారూ, మూడో ఫొటోలో ఆ కన్నం నేను అసలు గమనించలేదు. చిన్నాన్నకి ఫోన్ చేసి మేకల సంగతి అడిగాను. ‘ఇప్పుడడిగావా’ అన్నాడు. మేక కాదట, గేదెదూడ. బయటికి తీయడానికి ఊరంతా కదిలారట.

మా స్నేహితులు మాత్రం బండి మీద వెళ్ళకపోతే మజా ఏముంది అంటున్నారు. వాళ్ళ రెండో ప్రతిపాదన నాగావళి ఇసుకతిన్నెలు, తోటపల్లి కింద ఎక్కడైనా. మూడోది సీతంపేట కొండలు. ఈ రెండిట్లో ఏది మేలు? ఫోర్ హై (నాలుగు చక్రాలకీ మామూలు వేగం), ఫోర్ లో (వేగం తక్కువ, లాగుడు ఎక్కువ) ఎప్పుడు వేయాలో కూడా కొంచెం చెప్తారా? అమ్మినతను ‘ఎప్పుడూ వేసే పని పడలేదు’ అన్నాడు.

పాలకొండ మాస్టారు:

తమ్ముడూ, సీతంపేట అన్నావు కాబట్టి రాస్తున్నాను. నేను అటువైపు ఏజెన్సీ బడిలో పనిచేస్తాను. సీతంపేట, భామిని, అటు కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి, ఈ మండలాల్లో ఒడిశాలోని లఖారీ అడవుల నుంచి దిగిన ఏనుగులు ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. మనుషులు చనిపోయారు. ఈ రోజు ఇక్కడ ఉన్న గుంపు తెల్లారేసరికి ఎక్కడ ఉంటుందో చెప్పలేం. అటవీ శాఖ ట్రాకర్లు వెంట తిరిగి ఊళ్ళకి కబురు పెడుతుంటారు. ఊళ్ళోవాళ్ళకి ఆ కబురు అందుతుంది, కొండ మీద టెంట్‌లో ఉన్న మీకు అందదు. సంక్రాంతికి కళ్ళాల్లో ధాన్యం ఉంటుంది, పక్కన చెరుకు ఉంటుంది. అవి వచ్చేది వాటికోసమే. మీ బండిలో అరటిగెల, బెల్లం, ఉప్పు ఉంటే మీ దగ్గరికీ వస్తాయి. మా ఊళ్ళల్లో ధాన్యం దాచిన గదుల గోడలు పడగొట్టాయి, టెంట్ గుడ్డ ఒక లెక్కా?

‘హెడ్‌లైట్ వేసి హారన్ కొడితే పోతాయి’ అని ఎవరైనా చెబితే వినకండి. ఏనుగు కనపడితే లైట్లు తీసేసి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి పోవడమే. ఇరుకు బాటలో అది ఎంత సాధ్యమో మీరే ఆలోచించుకోండి.

పైగా అక్కడ చాలాభాగం రిజర్వ్ ఫారెస్ట్. అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండటం, మంట పెట్టడం రెండూ నేరమే. దోమలు కూడా తక్కువేం కాదు, మలేరియా మాకు ఏటా ఉండేదే. కొండ చూడాలనే ఉంటే పగలు రండి, సోమవారం సంతకి రండి, సాయంత్రానికి పాలకొండ దిగిపోండి.

పలాస జీడిపప్పు:

మా ఉద్దానంవైపు రమ్మందామనుకున్నాను, మాస్టారి పోస్టు చూసి ఆగిపోయాను. మాకు ఏనుగులు లేవు, ఎలుగుబంట్లు ఉన్నాయి. జీడిపళ్ళూ పనసపళ్ళూ పండే ఎండాకాలంలో తోటల్లోకే వచ్చేస్తాయి. జనవరిలో కొంచెం తక్కువ, అంతమాత్రాన తోటలో పడుకోమని చెప్పను. గజపతినగరం జీడితోటలో ఎలుగు లేకపోయినా ఇంకో విషయం గుర్తుంచుకోండి. జీడాకు ఎండితే చాలా త్వరగా అంటుకుంటుంది. తోట దగ్గర చలిమంట వెయ్యకండి. ఒక్క నిప్పురవ్వ చాలు, చిన్నాన్నగారి ఏడాది పంట పోతుంది. పూత కూడా అప్పుడే మొదలవుతుంది. వండుకోవాలంటే చిన్న గ్యాస్ స్టవ్, మట్టి నేల మీద, పక్కన బకెట్ నీళ్ళు.

సాలూరు కమాండర్:

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకో ముక్క కలుపుతాను. మావైపు కొటియా ఊళ్ళకి పోదాం, రోడ్డు అడ్వెంచర్‌గా ఉంటుంది అని కూడా ఎవరో ఒకరు నీకు చెప్తారు. ఆ ఊళ్ళ మీద ఆంధ్రకీ ఒడిశాకీ మధ్య ఎప్పట్నుంచో తగాదా. ఇద్దరి అధికార్లూ అడుగుతారు, ఇద్దరికీ సమాధానం చెప్పుకోవాలి. పండగ పూట ఎందుకొచ్చిన గొడవ.

నాగావళి ఇసుకతిన్నె మీద పడుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ నది పుట్టేది ఒడిశాలో. పైన రాయగడ వైపు వాన పడినా, గేట్లు ఎత్తినా, ఇక్కడ చినుకు లేకుండానే నీరు వస్తుంది. జనవరిలో వరద రాదు, నిజమే. కానీ ఇసుక తవ్విన గోతులు ఉంటాయి. అందులో నీళ్ళు నిలిచి, పైన సన్నటి ఇసుక పొర కట్టి, పగలే కనపడవు. రాత్రి మూత్రానికి లేచినవాడు దిగిపోతాడు. పగలు బండి తిప్పి సాయంత్రం గట్టెక్కేస్తానంటే సరే. అది కూడా రైతు నడిపిన ట్రాక్టరు జాడ ఉన్నచోటే, నీటి అంచుకి దూరంగా.

ఇప్పుడు నీ లివరు సంగతి. తారురోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు. ఈ బండిలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య తేడా సర్దేది ఏమీ లేదు. రోడ్డు మీద తిప్పితే టైర్లు జారడానికి చోటు ఉండదు, బరువంతా లోపలి పళ్ళ మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, కొన్నాళ్ళకి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) నా దగ్గరికి వస్తుంది. నేల వదులుగా ఉన్నచోట, ఇసుకలో, తడి మట్టిలో ఫోర్ హై. నిలువు దిగుడు, నిలువు ఎక్కుడు, పెద్ద రాళ్ళు ఉంటే ఫోర్ లో. లో వెయ్యాలంటే బండి పూర్తిగా ఆపి, క్లచ్ నొక్కి వెయ్యి. అమ్మినతను ఎప్పుడూ వెయ్యలేదన్నాడు కాబట్టి లివరు బిగుసుకుపోయి ఉంటుంది. ఇంటి దగ్గర మట్టి స్థలంలో పదిసార్లు వేసి తీసి చూడు. ముందు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయా లేదా జాకీ వేసి చూసుకో. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు మార్చు, అది ఎప్పుడు మార్చారో ఆ దేవుడికే తెలియాలి.

అసలు బాట సగం దాకా టూ వీల్‌లోనే పో. టూ వీల్‌లో ఇరుక్కుంటే బయటికి రావడానికి నీ చేతిలో ఫోర్ వీల్ ఉంటుంది. మొదట్నుంచీ ఫోర్ లో వేసుకుని పోయినవాడు ఇరుక్కుంటే ట్రాక్టరు కోసం ఊళ్ళోకి నడవాలి.

దిగేటప్పుడు ఫోర్ లో, మొదటి గేరు, రెండు కాళ్ళూ తీసేయ్. క్లచ్ మీద కాలు ఉంచావంటే బండి నీ చేతిలో లేనట్టే. ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకు అలా తాకించు అంతే, చక్రాలు బిగిస్తే జారుడే. వాలుకి నిటారుగా దిగు, నిటారుగా ఎక్కు, పక్కవాటంగా పోకు. ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే బండి తిప్పుదామని చూడకు, బోల్తా పడేది అక్కడే. రివర్సు గేరు వేసి, వచ్చిన జాడలోనే వెనక్కి దిగు. చిన్న కాలవలాంటిది అడ్డొస్తే మాత్రం కొంచెం ఐమూలగా పో, అప్పుడు ఒక్కో చక్రమే దిగుతుంది, మిగతా మూడూ నేల మీద ఉంటాయి. అప్పుడు వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి ఊరికే తిరుగుతుంది. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. నీ మోడల్‌లో వెనక డిఫరెన్షియల్‌కి (వెనక రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే పళ్ళ పెట్టె) దానంతట అదే లాక్ పడే ఏర్పాటు ఉంది. కొంచెం ఎక్కువ ఇచ్చి అలాగే ఉంచితే అడుగున ‘టక్’ మని పట్టుకుంటుంది, బండి లేస్తుంది. ఆ టక్ శబ్దానికి ఏదో విరిగిందని దిగిపోయినవాళ్ళని చూశాను.

టైర్లలో గాలి ఎర్రమట్టి గట్టిగా ఉంటే 26 పీఎస్ఐ దాకా దించు, మెత్తటి ఇసుకలో 18 నుంచి 20. దించడానికి అగ్గిపుల్ల చాలు, ఎక్కించడానికి పంపు కావాలి. బ్యాటరీకి తగిలించే పంపు లేకుండా గాలి దించకు. తక్కువ గాలితో గజపతినగరం నుంచి విజయనగరం దాకా రోడ్డు మీద తోలితే టైరు పక్కగోడ వేడెక్కి పోతుంది.

వించ్ లేదన్నావు, పర్వాలేదు. ఇంకో బండి తోడు ఉండాలి, లేదా ట్రాక్టరు ఉన్నవాడి ఫోన్ నంబరు ముందే తీసుకుని, ఇంత అని డబ్బు కూడా మాట్లాడుకుని ఉంచాలి. ఇరుక్కున్నాక రేటు వేరుగా ఉంటుంది. తాడు కట్టేది ఛాసిస్ హుక్‌కే, బంపరుకి కాదు, వెనక ట్రాలీ తగిలించే బంతికి అసలే కాదు. అది ఊడి ఎగిరితే తూటాయే. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వెయ్యి, తెగినా కింద పడుతుంది. ఫొటోలు తీసేవాడు తాడు పొడుగు కంటే దూరంగా నిలబడాలి. నువ్వు చెప్పిన ముగ్గుర్లో వాడు ఎవడో నాకు తెలియదు కానీ వాడు ఉంటాడు.

వాన పడితే మాత్రం, జనవరిలో అయినా సరే, ఆ పూట కదలకండి. ఎర్రమట్టి తడిస్తే టైరు గాట్లు నిండిపోయి నున్నగా అయిపోతాయి. ఫోర్ వీల్ అయినా ఏమీ చెయ్యలేదు. రెండు గంటలు ఎండ కాసేదాకా టీ పెట్టుకుని కూచోండి.

పాలకొండ మాస్టారు:

పాముల మాట ఎవరూ ఎత్తలేదు. చలికాలం కదా అని అనుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. అది కరిస్తే నొప్పి పెద్దగా తెలియదు, వాపు కూడా ఉండదు, అందుకే నిద్రలో ఉన్నవాళ్ళు పోతారు. టెంట్ జిప్ కింద దాకా మూసుకోండి, బూట్లు లోపల పెట్టుకోండి, పొద్దున్నే దులిపి వేసుకోండి. రాత్రి టార్చి లేకుండా అడుగు తీయొద్దు. కరిస్తే కోయడం, కట్టు బిగించడం, ఆకు పసరు ఇవేవీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి చేసి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. ఆ దిబ్బ మీద ఫోన్ సిగ్నల్ ఉందో లేదో నడిచి వెళ్ళినప్పుడు చూశావా? లేకపోతే ఎక్కడి నుంచి దొరుకుతుందో గుర్తు పెట్టుకో.

విజయనగరం కుర్రోడు:

మాస్టారూ, దిబ్బ మీద సిగ్నల్ లేదు. జీడితోట గట్టు మీద రెండు గీతలు వస్తాయి.

ఈ రోజు ఆదివారం కదా, గునపం, సున్నం పట్టుకుని చిన్నాన్నతో కలిసి వెళ్ళొచ్చాను. కమాండర్ గారు చెప్పిన కన్నం దగ్గర నుంచి ఇవతలికి ఇరవై అడుగుల మేర గునపం డుబ్ డుబ్ మంటూనే ఉంది. ఒకచోట మొనవైపు దింపితే చేతిలోంచి జారి పిడి దాకా దిగిపోయింది. చిన్నాన్న గునపం మళ్ళీ పైకి లాగుతూ నావైపు ఒకసారి చూశాడు, ఏమీ అనలేదు. చివరి గండి పైన పదకొండు అడుగుల వెడల్పు, తొమ్మిది లోతు. గోడలు నిలువు. దాటే ప్రశ్నే లేదు.

సో, బండి జీడితోట బయట కళ్ళంలో పెడుతున్నాం. కళ్ళం నుంచి తోట గట్టు మీదుగా దిబ్బకి నడక అరగంట. స్టవ్ తీసుకెళ్తున్నాం, మంట లేదు. బండి తిప్పే సరదా మర్నాడు చంపావతి నది ఇసుకలో పగటిపూట తీర్చుకుంటాం. ఊళ్ళో ట్రాక్టరాయన్ని కూడా ఒప్పించాను. ఒక స్నేహితుడు ఈ మార్పు విని డ్రాప్ అయ్యాడు, ఫొటోలు తీసేవాడే.

ఒక్క డౌటు. లివరు లో లోకి పడుతోంది కానీ తిరిగి టూ హైకి రావడానికి మొరాయిస్తోంది. బలంగా లాగితే ఏమైనా అవుతుందా?

సాలూరు కమాండర్:

బలంగా లాగకు. బండి అడుగున్నర రివర్సులో పోనిచ్చి, ఆపి, అప్పుడు తియ్యి. లోపల బిగుసుకున్న పళ్ళు వదులవుతాయి. అప్పటికీ రాకపోతే లివరుని లోపలికి కలిపే లింకేజీకి తుప్పు, పిన్నుల దగ్గర గ్రీజు పెట్టించు. కనుమ లోపల సాలూరు వస్తే చూస్తాను. పండగ మూడు రోజులూ మాత్రం షెడ్డు మూసే ఉంటుంది.

పదకొండడుగుల గండికి ఆ పై అంచు మీద మీ చిన్నాన్నగారిని జీడికొమ్మలూ రాళ్ళూ అడ్డం వేయించమను, నీరు నేరుగా గండిలోకి దూకకుండా. వానలకి ముందు వేస్తేనే పనికొస్తుంది.